ఆసుపత్రిలో ముందెవరు?

రేషను దుకాణములో ముందు వచ్చినవారికి ముందు సరకు లభించును. ఆసుపత్రి అత్యవసర విభాగమున ఆ నియమము చెల్లదు. ఇది తెలియక, “తెలుగువారమని మమ్ము వెనుకకు నెట్టిరి” అని మన పెద్దలు కొందఱు నొచ్చుకొనుట మేము వినియున్నాము. కారణము వేఱు.

ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రివంటి చోట్లకు రేయింబవళ్లు రోగులు వచ్చుచుందురు. రాగానే నాడి, శ్వాస, రక్తపుపోటు, స్పృహ పరీక్షించి, తీవ్రతనుబట్టి ఎఱుపు, పసుపు, పచ్చ వర్గములుగా విభజింతురు. ప్రాణాపాయ మున్నవారు ఎఱుపు. కొంత వేచియుండ గలవారు పచ్చ. నెపోలియను సేనలోని వైద్యుడు లారే, హోదాను గాక గాయపు తీవ్రతనే చూచి చికిత్స చేసెను. నేటి పద్ధతికి మూలమదియే.

అయితే లోపలి బాధ రోగి చెప్పినగాని తెలియదు. భాష అడ్డు వచ్చునది ఇచ్చటనే. తెలుగు తప్ప ఎఱుగని అవ్వకు రొమ్ములో నొప్పి వచ్చినచో, ‘నెంజువలి’ యని తమిళమున చెప్పవలసినవాడు మనుమడే. ఆయాసము ‘మూచ్చుత్తిణఱల్’. బాధ యెప్పుడు మొదలయ్యెను, మధుమేహము కలదా, వాడు మందులేవి యను సంగతులు కాగితముపై వ్రాసికొని పోవలెను. వేచియుండగా బాధ హెచ్చినచో మొగమాటపడక నర్సుకు తెలుపవలెను. అప్పుడు వర్గము మారవచ్చును.

బాలలారా! తెలుగు మఱచినచో అవ్వ బాధ మీకు తెలియదు. తమిళము రానిచో వైద్యునకు తెలియదు. రెండును నేర్వుడు.