శునకాల నోటి దుర్వాసన – దంత సంరక్షణ

నంబులపూలకుంటలో నా వద్దకు వైద్యానికి వచ్చే ఒక గృహిణి ఆ మధ్య తమ పెంపుడు కుక్కను వెంటబెట్టుకొని వచ్చారు. "స్వామీ, ఇది దగ్గరకు వస్తే చాలు, నోటి కంపు భరించలేకున్నాము. మా పళ్ళకు మీరిచ్చే చూర్ణమే దీనికీ రుద్దవచ్చునా?" అని అడిగారు. అప్పటికే వారం రోజులుగా లవంగ నూనె పూస్తున్నారట. అప్పటినుండి అది గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, తినకుండానే వెనుదిరుగుతున్నదట. టీకాలు వేయించారని తెలుసుకొని, ఆమె చేతనే దాని పై పెదవిని ఎత్తించి చూశాను. దవడ పళ్ళపై పసుపుపచ్చని గార మందంగా పేరుకొని ఉన్నది. చిగుళ్ళు ఎర్రగా వాచి, ఒక పంటి మొదట చీము పట్టింది. ఆమె అడిగినది వాసనకు మందు. ఆ మూగజీవి పడుతున్నది పంటి బాధ.

వాసన ఎందుకు వస్తుంది?

పెరిగిన కుక్కకు 42 పళ్ళుంటాయి. ఆహారం తిన్న తరువాత వాటిపై సూక్ష్మజీవులతో కూడిన జిగట పాచి ఏర్పడుతుంది. దానిని రెండు మూడు రోజులు తుడవకుండా వదిలితే, లాలాజలంలోని లవణాలు చేరి గారగా గట్టిపడుతుంది. పాచి, గార చిగురు కిందికి దిగితే చిగురు వాచి, ఎముక క్షీణించి, పంటికి పట్టు సడలుతుంది. మూడేళ్ళు దాటిన కుక్కలలో అధిక భాగానికి చిగుళ్ళ వ్యాధి ఏదో ఒక దశలో ఉంటుందని పశువైద్యులు చెబుతారు. చిన్న జాతులలో పళ్ళు ఇరుకుగా ఉండటం వల్ల ఇది మరింత త్వరగా వస్తుంది.

సుశ్రుతాచార్యులు 65 ముఖరోగాలను వర్ణించి, అందులో ఈ గారను 'దంతశర్కర' అన్నారు. దానికి ఆయన చెప్పిన చికిత్సాక్రమం గమనింపదగినది. ముందుగా పంటి మొదలుకు హాని కలుగకుండా శర్కరను తొలగించాలి. ఆ తరువాతనే చూర్ణ ప్రయోగం. అనగా గట్టిపడిన గార పూత మందులతో పోదు. మనుష్యులకు చెప్పిన ఈ న్యాయం శునకానికీ వర్తిస్తుంది. వాసనను కప్పిపుచ్చే ప్రయత్నంలో గడిచే ప్రతి వారమూ వ్యాధి పెరిగే వారమే.

మన మందులు దానికి పనికిరావు

తిమ్మమ్మ మర్రిమాను ఉన్న మండలం మాది. మర్రి పుల్ల, వేప పుల్లలతో పళ్ళు తోముకోవడం ఇక్కడి పెద్దలకు అలవాటే. వాగ్భటులు దంతధావనానికి చెప్పిన చెట్లలో మర్రి కూడా ఉన్నది. కాని మనం నమిలి, పుక్కిలించి ఉమ్మివేస్తాము. కుక్కకు ఉమ్మివేయడం తెలియదు. నోటిలో పడినదంతా మింగుతుంది. ఈ ఒక్క భేదాన్ని గృహస్థులు మరువరాదు.

లవంగ నూనె దాని నోటిని మండిస్తుంది, కడుపులోకి పోతే హాని చేస్తుంది. ఉప్పు ఎక్కువగా మింగడం ప్రమాదకరం. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను నశింపజేస్తాయి. మనుష్యుల టూత్‌పేస్టు వాడరాదు. కొన్ని పేస్టులలోనూ, చక్కెర లేని చూయింగ్ గమ్‌లలోనూ ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కకు విషతుల్యం. పుల్లలు నమిలిస్తే పేడులు చిగుళ్ళలో గుచ్చుకుంటాయి. ఉడికిన ఎముకలు విరిగి గొంతులోనో, పేగులలోనో దిగబడవచ్చు.

ఇంట్లో చేయదగినది

పిల్లగా ఉన్నప్పటినుండే అలవాటు చేయాలి. మొదటి వారం పెదవి ఎత్తి పళ్ళను తాకి, మెచ్చుకొని వదలండి. తరువాత శుభ్రమైన మెత్తని గుడ్డను వేలికి చుట్టి, నీటితో తడిపి పళ్ళ వెలుపలి వైపు తుడవండి. క్రమంగా మెత్తని బ్రష్షుకు మారవచ్చు. పేస్టు కావాలంటే కుక్కల కోసం తయారైనదే వాడాలి. గార బుగ్గల వైపునే ఎక్కువగా పడుతుంది కనుక లోపలి వైపుకు నోరు బలవంతంగా తెరవనక్కరలేదు. రోజూ రెండు నిమిషాలు చాలు. ఇది పాచిని తుడుస్తుందే తప్ప, గట్టిపడిన గారను తీయదు. చిగుళ్ళు నొప్పిగా ఉన్న కుక్కకు ముందుగా చికిత్స చేయించిన తరువాతనే ఈ అలవాటు ప్రారంభించాలి.

పశువైద్యునికి చూపవలసిన లక్షణాలు

చిగుళ్ళ నుండి రక్తం, ఒక పక్కనే నమలడం, కంటి కింద వాపు, మేత మానడం ఉంటే ఆలస్యం తగదు. మూత్రపు వాసన వంటి శ్వాస మూత్రపిండాల వ్యాధిని, పండిన పండు వంటి తీపి వాసన మధుమేహాన్ని సూచింపవచ్చు.

మరొక ముఖ్యమైన హెచ్చరిక. జొల్లు కారుస్తూ, దవడ వేలాడవేసి, మింగలేక, అరుపు మారిన కుక్కను చూసి గొంతులో ఎముక ఇరుక్కున్నదేమోనని చేయి పెట్టకండి. అది రేబీస్ కావచ్చు. కాటు పడినా, గాయానికి జొల్లు తగిలినా, ఆ చోటును సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. ఇందుకు పసర్లు, పూతలు నమ్ముకోవద్దని ఆయుర్వేద వైద్యుడిగానే చెబుతున్నాను. ఆ వ్యాధి లక్షణాలు బయటపడిన పిమ్మట ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

ఆ గృహిణికి నేను చూర్ణం ఇవ్వలేదు. పశువైద్యుని వద్దకు పంపాను. మత్తు ఇచ్చి గార తీసి, చెడిన పన్ను తొలగించారు. కొద్ది రోజులకే అది మెత్తని సంగటి తినసాగింది. ఇప్పుడు ఆ ఇంట రాత్రి భోజనాలయ్యాక పిల్లలే తడిగుడ్డతో దాని పళ్ళు తుడుస్తున్నారు. తన నొప్పిని చెప్పుకోలేని ప్రాణికి యజమాని కన్నే మొదటి వైద్యుడు. నేడే మీ కుక్క పెదవి ఒకసారి ఎత్తి చూడండి.