మీకు తెలుసా? ఓఆర్‌ఎస్‌ పొడికి లీటరు నీళ్లే ఎందుకు?

విరేచనాలు పట్టుకున్నప్పుడు తాగించే ఓఆర్‌ఎస్‌ పెద్ద ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది: గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు.

గాఢత లెక్క ఇంటర్ పిల్లలకు తెలిసిందే. గ్రాములను అణుభారంతో భాగిస్తే మోల్‌లు, వాటిని లీటర్లతో భాగిస్తే మొలారిటీ. గ్లూకోజు అణుభారం 180. కాబట్టి 13.5ను 180తో భాగిస్తే 0.075, అంటే లీటరుకు 75 మిల్లీమోల్‌లు. ఉప్పులోంచి, సిట్రేట్‌లోంచి వచ్చే సోడియం కలిపి చూసినా దాదాపు 75! ఇది కాకతాళీయం కాదు. పేగు గోడలోని ఒక ప్రొటీన్ సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి లాగుతుంది. వాటి వెంటే నీరూ వెళ్తుంది.

ద్రావణంలోని కణాలన్నీ కలిపితే లీటరుకు 245 మిల్లీఆస్మోల్‌లు. రక్తంలో ఇది 290 దరిదాపుల్లో ఉంటుంది కనుక నీరు పేగులోంచి రక్తంలోకి నడుస్తుంది. అంతకుముందు 311గా ఉన్న ద్రావణం లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో తగ్గించింది.

అదే ప్యాకెట్‌ను 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపేస్తే? గాఢత అయిదింతలై 1,225కు చేరుతుంది. నీరు ఎదురుదారి పట్టి రక్తంలోంచి పేగులోకి వస్తుంది, విరేచనాలు ఇంకా ముదురుతాయి. చిక్కగా కలిపితే త్వరగా తగ్గుతుందన్న నమ్మకం ప్రమాదకరం. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లూ దొరుకుతున్నాయి కాబట్టి, చింపేముందు దానిమీద రాసిన నీళ్ల కొలత చదవండి.