దద్దురులు

మొన్నటి శ్రావణమున నొక రాత్రి హఠాత్తుగా నా మేనెల్ల దద్దురులు లేచినవి. చిక్కడపల్లి అంగడి వంకాయల దోషమని అత్తగారును, అశోక్‌నగరు పేరంటపు సెనగలని తోడికోడలును నిశ్చయించిరి. అత్తగారు ప్రేమతో గొంగళి కప్పగా ఆ వేడికి దురద యినుమడించెను. తెల్లవారుసరికి మచ్చయైన మిగులలేదు. సాయంకాలమునకు వేరొకచోట మరల లేచినవి. పదిదినములు చారన్నముతో కృశించితిని.

తుదకు నారాయణగూడలో నొక వైద్యురాలిని చూచితిని. ఆమె మొదట నడిగినది భోజనమును గూర్చి కాదు; ఇటీవల జ్వరము వచ్చెనా, నొప్పిబిళ్లలు మ్రింగితినా యని. చర్మమందలి కొన్ని కణములు హిస్టమిను అను ద్రవ్యమును విడుచుటచే నివి పుట్టును. మాధవనిదానమందలి శీతపిత్త మిదియే కాబోలు. ఒక్కొక్క దద్దురు సాధారణముగా 24 గంటలలో నణగును. 6 వారములు దాటిననే దీర్ఘవ్యాధి యందురు. పెక్కుమార్లు కారణమే దొరకదు. దొరకకున్నను చికిత్స కలదు. సెటిరిజిను బిళ్లయు, తడిగుడ్డయు, నూలుచీరయు నాకు చాలినవి.

కాని పెదవులు, నాలుక వాచినను, ఊపిరి యాడకున్నను, కండ్లు తిరిగినను గొంగళికై వెదకరాదు. వెంటనే 108కు టెలిఫోను చేయవలయును. అప్పుడు ప్రాణము నిలుపునది అడ్రినలిను సూదిమందే.

మూడవ వారమున దద్దురులు వచ్చినట్లే చెప్పకుండ పోయినవి. నేను వంకాయ తినుచునే యున్నాను. అత్తగారు మాత్రము ఆ యంగడి వైపు చూడరు.