ఏసీ చల్లబరచకపోతే ముందు చూడాల్సినవి

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, గదిలోని వేడిని బయటికి మోస్తుంది. ఇండోర్ యూనిట్‌లోని కాయిల్ మీదుగా ఫ్యాను గది గాలిని తిప్పుతుంది, కాయిల్‌లోని గ్యాస్ ఆ వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ గ్యాస్‌ను అవుట్‌డోర్ యూనిట్‌కు నెడితే వేడి అక్కడ ఆరుబయటి గాలిలో కలుస్తుంది. గాలిలోని తేమ చల్లటి కాయిల్‌కు తగిలి నీరై పైపు గుండా పోతుంది. ఇళ్లలో వచ్చే ఇబ్బందులు చాలావరకు గాలి, నీరు, కరెంటు అనే మూడు దారుల్లో ఎక్కడో ఒకచోట అడ్డు పడటం వల్లే. గ్యాస్ వంతు ఆ తర్వాతే.

బస్తర్ ప్రాంతంలో ఈ అడ్డంకులు కాలాన్ని బట్టి, ఊరిని బట్టి మారతాయి. కొత్తవలస రైలుమార్గం చివర ఉన్న కిరండూల్, దాని పక్కనే ఉన్న బచేలీలో బైలదిల్లా గనుల ఇనుప ధూళి ఎక్కువ. సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్న జగదల్‌పూర్ కంటే పల్లపు ప్రాంతాలైన కుంట, భోపాలపట్నంలో ఎండ తీవ్రం. జూన్ తర్వాత అంతటా ముసురు, తేమ.

గాలి తగ్గితే మొదట ఫిల్టర్ చూడాలి. ఏసీ ఆపి ముందు మూత ఎత్తితే రెండు వల జాలీలు కనిపిస్తాయి. వాటిని తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి వెలుగు కనబడాలి. కనబడకపోతే వెనకవైపు నుంచి కుళాయి నీళ్లు పోసి కడిగి నీడలో ఆరబెట్టాలి. గనుల ఊళ్లలో ఆ నీళ్లు ఎర్రగా దిగుతాయి. మామూలు చోట్ల నెలకోసారి కడిగితే చాలు, గనుల ఊళ్లలో పదిహేను రోజులకోసారి కడగడం మేలు. గాలి ఆడక కాయిల్‌కు మంచు పడితే కత్తితో గీకకూడదు. కూలింగ్ ఆపి ఫ్యాను మాత్రమే తిప్పితే కరిగిపోతుంది. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా మళ్లీ మంచు పడితే అప్పుడు గ్యాస్‌ను అనుమానించాలి. అవుట్‌డోర్ యూనిట్ చుట్టూ సామాన్లు పేర్చినా వేడి బయటికి పోదు.

గోడ వెంట నీరు కారితే డ్రెయిన్ పైపు కొస చూడాలి. వానాకాలంలో అక్కడ చుక్కలు ఆగకుండా పడాలి. లోపల కారుతూ అక్కడ పడకపోతే నాచో, పురుగుల మట్టిగూడో అడ్డుపడిందన్నమాట. కొస బకెట్ నీళ్లలో మునిగినా, పైపు మధ్యలో పైకి వంగినా ఇదే తంటా. పొడి ఎండల్లో పైపు నుంచి నీరు పెద్దగా రాకపోవడం మాత్రం లోపం కాదు. ముక్క వాసన వస్తుంటే, ఆపేముందు పావుగంట ఫ్యాను మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరుతుంది.

ఏసీ అసలు ఆన్ కాకపోతే రిమోట్ బ్యాటరీలు, తర్వాత ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) చూడాలి. ఒకసారి పడిన ఎంసీబీని ఎత్తవచ్చు. మళ్లీ పడితే వదిలేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. కరెంటు పోయి వచ్చాక కంప్రెసర్ దాదాపు మూడు నిమిషాలు ఆగి మొదలవడం మామూలే, ఆ లోగా గ్యాస్ ఒత్తిడి సర్దుకుంటుంది. వోల్టేజీ బాగా పడిపోయే ఊళ్లలో స్టెబిలైజర్ అవసరం. కంప్రెసర్ గుర్రుమంటున్నా తిరగకపోతే కెపాసిటర్ పోయి ఉండవచ్చు. స్విచ్ ఆపాక కూడా దానిలో కరెంటు నిలిచే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు చెయ్యి పెట్టకూడదు.

ఇవన్నీ బాగున్నా గది చల్లబడకపోతేనే గ్యాస్ మాట. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరిగేది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. గొట్టాల కీళ్ల దగ్గర నూనె మరక దానికి ఆనవాలు. లీకు మూయకుండా నింపిన గ్యాస్ మళ్లీ పోతుంది. లీకు మూసి, గొట్టాల్లోని గాలిని పంపుతో లాగేసి, యూనిట్ మీది చీటీలో రాసిన రకాన్నే తూకం వేసి నింపాలి. కొత్త ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32కి కొంత మండే గుణం ఉంది, కాబట్టి ఆ పని శిక్షణ ఉన్న మెకానిక్‌దే.

యంత్రం పని చేస్తోందో లేదో థర్మామీటరే చెబుతుంది. పావుగంట నడిచాక ఇండోర్ యూనిట్‌లోకి పోయే గాలికీ, దాన్నుంచి బయటికొచ్చే గాలికీ మధ్య సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే ఏసీ బాగున్నట్టే. అప్పటికీ గది ఉడుకుతుంటే కారణం ఎండ తగిలే పైకప్పు, తెరిచిన కిటికీ, లేదా గదికి చాలని టన్నేజీ.