నడుము నొప్పియు ఛాయాపరీక్షలును

మా నందికొట్కూరిలో నడుము నొప్పి లేని యిల్లాలు అరుదు. బిందెలు మోసిన నడుము, శనగచేలలో వంగిన నడుము నొచ్చుటలో వింతయేమి యని మనకు మనమే సమాధానము చెప్పుకొందుము. మా వీథిలోని పెద్దమ్మగారును అట్లే ఆఱు నెలలు నూనె మర్దనతో గడపిరి. పిదప ఎక్స్‌రే తీయింపగా దోషమేమియు లేదనిరి. ఇంటిల్లిపాదియు సంతోషించిరి, మేమును సంతోషించితిమి. నొప్పి మాత్రము పోలేదు, మొగము పాలిపోవుచు వచ్చెను. మఱి మూడు నెలలకు కర్నూలులో ఎమ్మారై తీసినపుడు వెన్నుపూసలలో వ్యాధి బయటపడినది. దానిని మల్టిపుల్ మైలోమా యందురు. రక్తపు కేన్సరులలో నొకటి.

ఇది యెముకలలోని మూలుగలో పుట్టును. అచ్చటి ప్లాస్మా కణములు మితిమీరి పెరిగి, ఎముకను కరగించు కణములను రేపి, ఎముకను గట్టు కణములను అణచును. ఎముక గుల్లయగును.

అట్లయిన ఎక్స్‌రే అబద్ధమాడెనా? ఆడలేదు. ఎముకలోని ఖనిజము నూటికి 30 మొదలు 50 వంతుల వఱకు పోయినఁగాని అందు గుంట స్పష్టముగా కానరాదు. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న యీ కిరణములే చిరకాలము వైద్యులకు దిక్కయినవి. 1971లో మొదటి రోగికి తీసిన సీటీ పరీక్ష దేహమును ఉల్లిగడ్డ తఱిగినట్లు పొరలుపొరలుగా చూపును. ఈ వ్యాధికి తక్కువ కిరణములతో, సిరలోనికి మందెక్కింపకయే, ఒడలంతయు తీయుదురు. మూత్రపిండములను చెఱచు వ్యాధి గనుక మందు లేకుండుట మేలు. 2019లో అంతర్జాతీయ మైలోమా వైద్యబృందము ఎక్స్‌రేలకు మాఱుగా దీనినే మొదట తీయుఁడని సూచించినది.

ఎమ్మారై పని వేఱు. అది అయస్కాంతముతో నడచును. ఎముక గుల్లగాక మునుపే మూలుగలోని మార్పును చూపును, వెన్నుపాముపై ఒత్తిడిని గూడ పట్టును. అయితే గాజులు, మెట్టెలు, తాళిబొట్టు తీసి లోపలికిఁ బోవలెను. పెద్దమ్మగారు తాళి తీయనని పట్టుపట్టిరి. తుదకు పసుపుకొమ్మును దారమునఁ గట్టుకొని వెళ్లిరి. ముందే తెలిసినచో ఆ గడబిడ యుండెడిది కాదు.

పెట్ పరీక్షలో చక్కెరఁ బోలిన రేడియోధార్మిక ద్రవ్యము నెక్కింతురు. చుఱుకైన వ్యాధికణములు దానిని ఎక్కువగా గ్రహించి వెలుఁగును గనుక చికిత్స పనిచేసినదో లేదో తెలియును. ఖర్చెక్కువ, పరగడుపునఁ బోవలెను, మధుమేహమున్నవారు ముందే చెప్పవలెను.

నొప్పి వారములు గడచినను తగ్గక, నీరసమును రక్తలేమియుఁ దోడైనచో, ఎక్స్‌రే బాగున్నదను మాటతో నూరకుండక, రక్తమూత్రములలోని ప్రోటీను పరీక్షలను గూర్చి వైద్యుని అడుగుఁడు. పెద్దమ్మగారికిప్పుడు చికిత్స జరుగుచున్నది. బరువెత్తరాదని వైద్యుల యాజ్ఞ. కోడలు చూడనపుడు బిందె పట్టుకొనుట మాత్రము వారు మానలేదు.