కడలి ఒడ్డున పల్లె పాట

మన క్యాంప్ 2లో తెలుగు మాట్లాడే ఇళ్ళకు కొదవ లేదు. భిలాయి ఉక్కు కర్మాగారం పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. ఆ ప్రాంతపు పాటనూ ఆటనూ ఒకేచోట చూపించే పండుగ ఒకటుంది. అదే విశాఖ ఉత్సవ్.

విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్‌ను అందరూ ఆర్కే బీచ్ అంటారు. అక్కడ ఆరుబయట వేదిక వేసి ప్రభుత్వం ఈ ఉత్సవం జరుపుతుంది. ఏటా జరపవలసినదే అయినా మధ్యలో కొన్నేళ్ళు ఆగింది. 2019లో డిసెంబరు 28, 29 తేదీల్లో జరిగింది. ఆ తీరానికి అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. డిసెంబరు చివరికి వానలు తగ్గుతాయి, ఎండ తీవ్రత ఉండదు. ఆరుబయట పాటకు అది అనువైన సమయం.

సినిమా పాటల కచేరీలతో పాటు ఇలాంటి వేదికల మీద ఉత్తరాంధ్ర జానపద కళలు కూడా కనిపిస్తాయి. వాటిలో ముఖ్యమైనది తప్పెటగుళ్ళు. రేకుతో చేసిన గుండ్రని వాద్యాన్ని ఛాతీకి కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ళకు గజ్జెలతో ఆడతారు. ముందుండే గురువు పాట అందుకుంటే మిగిలినవాళ్ళు వంత పాడతారు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కినా దరువు తప్పదు. గొర్రెలు కాచుకునే యాదవులు తరతరాలుగా కాపాడిన కళ ఇది. అరకు లోయ గిరిజన మహిళలు చేతులు పెనవేసుకుని అడుగులు కలిపే థింసా మరొకటి.

ఊరి జాతరలో జనం చుట్టూ నిలబడతారు, ఆట గుండ్రంగా తిరుగుతుంది, కథ రాత్రంతా సాగుతుంది. బీచ్ వేదికకు జనం ఒకే వైపు ఉంటారు, దొరికేది కొద్ది నిమిషాలే. అందుకని కథ కుదించుకుపోయి, విన్యాసాలు మిగులుతాయి. అలల హోరులో మైకు లేకపోతే గొంతు వినబడదు. కొంత పోయినా, జాతరకు ఎన్నడూ వెళ్ళని పిల్లలు ఆ కళను మొదటిసారి చూసేది ఇక్కడే.

పాట బతకడానికి వేదిక ఒక్కటే చాలదు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డులో ఉద్యోగం చేస్తూనే ఉత్తరాంధ్ర యాసలో వందల పాటలు కట్టారు. మన పక్కనే గనియారీలో పుట్టిన తీజన్ బాయి భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ పండవానీని దేశదేశాలకు వినిపించారు. 2019లో ఆమెకు పద్మ విభూషణ్ వచ్చింది. కర్మాగారంలో ఉద్యోగం ఇద్దరి పాటకూ అడ్డు కాలేదు.

అమ్మకో నాన్నకో బదిలీ అయితే మనం బీరువా, మంచాలు, పుస్తకాలు లారీకి ఎక్కిస్తాం. పాటకు లారీ అక్కర్లేదు, నేర్చుకున్నవాళ్ళుంటే చాలు. ఈ సెలవుల్లో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి ఒక్క పాట రాసుకోండి. నాట్లప్పుడు పాడారా, పెళ్ళిలోనా, జాతరలోనా అన్నది కూడా పక్కన రాయండి. యాస మార్చకండి, వాళ్ళు పలికినట్టే రాయండి. తర్వాత ఒకసారి వాళ్ళతో కలిసి పాడి చూడండి. ఎక్కడ తప్పు పాడారో వాళ్ళే చెబుతారు.