తెలుఁగు నిఘంటువులు - చదువరుల మతభేదములు

తెలుఁగు పండితులలో నిఘంటువులను వాడనివారు లేరు; వానిని నిందింపనివారును లేరు. బ్రౌనుదొర నిఘంటువు లేకున్నఁ బని జరుగదని యొకరందురు. అది పండితుల యిండ్ల నుంచఁదగిన గ్రంథము కాదని వేఱొకరందురు. శబ్దరత్నాకరమే ప్రమాణమని పాఠశాలాపండితులు పెక్కండ్రు నమ్మియుండఁగా, అందు వెదకిన మాట దొరకలేదని పత్రికలవారును, అనువాదకులును విసుగుకొందురు. ఈ యభిప్రాయము లన్నియు ననుభవమునుండి పుట్టినవే కావునఁ ద్రోసివేయఁదగినవి కావు. కాని యొక్కొక చదువరి యొక్కొక ప్రశ్నతో గ్రంథమును దెఱచును. ఆ ప్రశ్న యెట్టిదో తెలియనిచో నాతని మెప్పునకుఁ గాని నిందకుఁ గాని విలువ కట్టుట సాధ్యము కాదు.

పూర్వము మనకుఁ గోశమనఁగాఁ గంఠస్థము చేయవలసిన పద్యగ్రంథము. అమరకోశమును బాల్యముననే వల్లించినవానికి మాట వెదకుకొను నక్కఱ లేదు. కావ్యము చదువునపుడు పర్యాయపదములు తమంతఁ దామే స్ఫురించును. తెలుఁగున పైడిపాటి లక్ష్మణకవి యాంధ్రనామసంగ్రహమును, అడిదము సూరకవి యాంధ్రనామశేషమును, కస్తూరి రంగకవి సాంబనిఘంటువును నీ త్రోవనే నడచినవి. ఇవి చదువుకొనుటకుఁ గాని వెదకుకొనుటకుఁ బుట్టినవి కావు. మాట దేవతను దెలుపునో జంతువును దెలుపునో యెఱుఁగనివాఁ డే వర్గమును జూడవలయును? అది యెఱిఁగినవానికి వెదకు పని సగము తీఱినట్లే. మచిలీపట్టణమునకుఁ జెందిన వైశ్యుఁడు మామిడి వెంకయ్య 1806లో ముగించిన యాంధ్రదీపిక యీ పద్ధతిని విడిచి పదముల నకారాదిక్రమమునఁ గూర్చినది. పద్యకోశములను బొగడువారును, అకారాదినిఘంటువులను బొగడువారును నేఁటికిని వాదులాడుచునే యున్నారు. ఒకటి జ్ఞాపకమునకు సాధనము, రెండవది మఱపునకు సాధనము. వాదమున కిచట నవకాశము తక్కువ.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) తెలుఁగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లోఁ జెన్నపట్టణమున వెలువడినది. కచ్చేరీల ద్వారమునఁ దెలుఁగునఁ జొచ్చిన పారసీ హిందూస్థానీ పదములతో మిశ్రభాషానిఘంటువును 1854లో వేఱుగాఁ బ్రకటించెను. ఆయన కొలువు రైతుల యర్జీలతోడను, సాక్షుల వాఙ్మూలములతోడను ముడివడినది. వేమన పద్యములును, ప్రబంధములును, అంగడి మాటయు నొక్కనాఁటనే యర్థము కావలసిన యక్కఱ యాయనది. అందుచే నాయన గ్రంథమునఁ గావ్యపదము ప్రక్కనే వాడుకమాట కూరుచున్నది. పండితులకుఁ గోపము వచ్చినదియు నిచటనే. సాధువును గ్రామ్యమును నొక్క పంక్తిని గూర్చుండఁబెట్టె ననియు, వ్యుత్పత్తులు నిలువవనియు, అర్థములు కొన్నిచోట్లఁ దప్పినవనియు వా రాక్షేపింతురు. ఆక్షేపణలు నిరాధారములు కావు. 1903లో వెలువడిన రెండవ కూర్పును సంస్కరించినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగా రొకరు. సంస్కరణ మవసరమని తోఁచియే కదా యంతటివారు పూనుకొనిరి! అయినను నూటయేఁబదియేండ్ల వెనుకటి పల్లెపట్టు మాట యొకటి యర్థము కాక దస్తావేజుల ముందఱఁ గూర్చున్న చరిత్రకారున కా తప్పులతోఁ బనిలేదు. ఆతఁ డడుగు మాట యా గ్రంథమున నున్నది, తక్కినవానిలోఁ దఱచుగా లేదు. ఆతని మెప్పునకుఁ గారణ మింతియే.

బహుజనపల్లి సీతారామాచార్యులు (1827-1891) రచించిన శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. ఆచార్యులు వైయాకరణులు, ప్రౌఢవ్యాకరణకర్తలు. వారి పట్టుదల యంతయుఁ గావ్యప్రయోగముపై నున్నది. అర్థమును జెప్పి యూరకొనక కవి వాడిన చోటును జూపుట తెలుఁగుచదువునకు వారు చేసిన మహోపకారము. ప్రయోగము చూపని యర్థము సాక్షి లేని వ్యాజ్యము వంటిది: తీర్పరి పెద్దమనిషియైన నమ్ముదుము, కానిచో నమ్మము. ప్రయోగ మున్నచోఁ జదువరి తానే చూచి యాచార్యుల తీర్పుతో నేకీభవింపవచ్చును, విభేదింపవచ్చును. పాఠశాలాపండితునకు దీనికంటె మేలైన గ్రంథము కలదని చెప్పుట కష్టము. కాని యే నియమము గ్రంథమునకు బలమో యదియే దాని కెల్లయు నైనది. కవుల నోటఁ బడని మాట కిచటఁ జోటు దొరకుట కష్టము. సాలెవాని మగ్గపు మాటయుఁ గుమ్మరి సారె మాటయుఁ గవికిఁ దఱచుగా నక్కఱపడవు.

ఇచటఁ బాఠశాలలలో వినవచ్చు ఫిర్యాదు నొకదానిని వేఱుచేసి చూపవలసియున్నది. మాట నిఘంటువున లేకపోవుట వేఱు, ఉండియు దొరకకపోవుట వేఱు. చదువరుల నిందలలో రెండవ తెగకుఁ జెందినవి యెక్కువ. పద్యమున “వాఁడు వట్టె” నని యున్నచో బాలుఁడు వకారమును దెఱచి వెదకును. “చేతఁ బట్టి” యని యున్నచో బకారమును దెఱచును. రెండుచోట్లను నిఘంటువున నున్నది “పట్టు” అను నొక్క ధాతువే. ప్రథమమీఁది పరుషములకు గసడదవలును, ద్రుతముమీఁది పరుషములకు సరళములును వచ్చు నని యెఱిఁగినవానికే “రాజు వోయె” ననునదియు, “వేగమునఁ బోయె” ననునదియుఁ “పోవు” కడకుఁ జేరును. “వారు సెప్పిరి” యని చదివి సకారమున వెదకినవానికిఁ “చెప్పు” చిక్కదు. ఇది చాలక “వుప్పు”, “యెండ” యని వ్రాయ నలవాటుపడిన చేయి వకార యకారముల పుటలను దిరుగవేయుచుండును. మాటలు ఉకార ఎకారములలో సుఖముగా నుండును. ఈ వెదకులాటలో నోడిన బాలుఁడు గ్రంథము కొఱగాదని నిశ్చయించుకొనును; పండితుఁడు బాలుఁడు మందుఁడని నిశ్చయించుకొనును.

నిజమునకు లోపము మూఁడవచోట నున్నది. చదువరికి బాలవ్యాకరణము వచ్చియుండునని తలఁచి నిఘంటుకర్తలు గ్రంథములఁ గూర్చిరి. చిన్నయసూరి వ్యాకరణము 1858లో వెలువడిన పిదపఁ జాలకాల మా తలంపు చెల్లినది. నేఁ డది చెల్లదు. గకారమునఁ జిక్కనిది కకారమునఁ జూడుము, సకారమునను జకారమునను జిక్కనిది చకారమున, డకారమునఁ జిక్కనిది టకారమున, దకారమునఁ జిక్కనిది తకారమున, వకారమునను బకారమునను జిక్కనిది పకారమునఁ జూడుము - ఈ మాత్రపు పట్టిక యొక్క పుటలో సగమునకు మించదు. నిఘంటువు తొలిపుట నిట్టి పట్టికను విద్యార్థికి గనఁబడునట్లు ముద్రించిన, వ్యాకరణము రానివాఁడును సగము త్రోవ నడచును. పీఠికలలోఁ బోషకుల వంశవర్ణనమునకు దొరకిన చోటు దీనికి దొరకకపోవుట వింతయే. బడులలోఁ బండితు లీ పట్టికను దామే వ్రాయించి యట్టలోపల నంటింపవచ్చును. నేఁడు కంప్యూటరు సాయమునఁ బెక్కు నిఘంటువుల నొక్కచో వెదకు సౌకర్యము గలిగినది. పుటలు త్రిప్పు శ్రమ తీఱినది గాని సంధి విడఁదీయు నక్కఱ తీఱలేదు.

ఇఁక నిజముగా గ్రంథమున లేని మాటల విషయము. 1911లో స్థాపితమైన యాంధ్రసాహిత్యపరిషత్తు జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వమునఁ, బీఠికాపురాధీశులు సూర్యారావు బహద్దరువారి ద్రవ్యసాహాయ్యమున సంకల్పించిన సూర్యరాయాంధ్రనిఘంటువు మొదటి సంపుటము 1936లో వెలువడినది. ప్రయోగసంపదలో దానికి సాటి లేదు. కాని వ్యవహారమునందలి మాటల నది విడిచిన దని గిడుగు రామమూర్తి పంతులుగారును వారి పక్షమువారును గట్టిగా నాక్షేపించిరి. గ్రామ్యమును జేర్చినచో భాష చెడునని యొక పక్షము, చేర్పనిచో భాషలో సగము నశించునని యొక పక్షము. ఆ కలహమున గ్రాంథిక వ్యావహారిక వాదపు వేఁడి యెక్కువై, నిఘంటువు పని యేమి యను మూలప్రశ్న వెనుకఁబడినది.

దీనిని బ్రాచీనశాస్త్రమే తీర్చియుండెనని పండితులు మఱవరాదు. పదమున కర్థముతోడి సంబంధ మెట్లు తెలియునని విచారించిన నైయాయికులు వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, ప్రసిద్ధపదసాన్నిధ్యము అని యెనిమిది యుపాయములఁ జెప్పిరి. కోశ మెనిమిదింటిలో నొకటి మాత్రమే. వానిలో మొదటి స్థానము వ్యవహారమునకే యిచ్చిరి. వృద్ధుఁడొకఁ డావును దెమ్మనఁగా వేఱొకఁడు తెచ్చుటఁ జూచి, పిదప నావును గట్టుము, గుఱ్ఱమును దెమ్మనుట విని, పదముల మార్పిడిని బట్టి బాలుఁడు ప్రత్యేకపదముల యర్థమును గ్రహించునని వారి సుప్రసిద్ధోదాహరణము. కోశమును దెఱచుటకు ముందే వాని కీ విధముగాఁ గొన్ని వేల మాటలు తెలిసియుండును. కుమ్మరియింటి దృష్టాంతమున మహాభాష్యకారుఁ డెఱిఁగించినదియు నిట్టిదే: మాటలు శాస్త్రకారుని యింటఁ దయారగునవి కావు, లోకమున మున్నే యున్నవి. ఇట్టిచో వ్యవహారమునందలి మాటను గోశము నమోదుచేయుట శాస్త్రవిరుద్ధ మెట్లగును? నమోదు చేయుట వేఱు, కావ్యమున వాడుమని విధించుట వేఱు. “గ్రామ్యము” అని గుర్తు పెట్టి చేర్చినచో రెండు పక్షములవారి ప్రశ్నలకును సమాధాన మొక్క పుటలోనే దొరకును. గుర్తు లేక చేర్చుట పొరపాటు. గుర్తునకు బదులు మాటనే త్రోసివేయుట యంతకంటెఁ బెద్ద పొరపాటు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లోఁ బ్రకటించిన మాండలికవృత్తిపదకోశము మొదటి సంపుటము వ్యవసాయమునకు సంబంధించినది. చేనేతపదముల సంపుటము 1971లో వచ్చినది. ఇందలి మాటలు గ్రంథములనుండి కాక కాఁపుల నోళ్లనుండియు నేఁతగాండ్ర నోళ్లనుండియు నేర్పఱుపఁబడినవి. కావ్యపాఠకులు దీనిని దెఱవరు. దెఱచినను దమకు వలసినది లేదని మూయుదురు. కాని వాచకములు వ్రాయువారికిని, మాండలికమునఁ గథ వ్రాయువారికిని దీనికి మించిన తోడు లేదు. ఒక చిన్న యుదాహరణము: నాఁగలి, అరక, మడక యనునవి పర్యాయపదములని మనము తేలికగాఁ జెప్పుదుము. రాయలసీమలోఁ బెక్కుచోట్ల మడక యను మాటయే వాడుక. అరక మడక లనునవి కొయ్యనే కాక కట్టిన యెడ్లతోఁ గూడిన మొత్తమునుగూడఁ దెలుపును. కావున “రెండరక లున్నవి” యన్న కాఁపు తన యెడ్లనుగూడ లెక్క చెప్పుచున్నాఁడు. “అరక = నాఁగలి” యని వ్రాసి ముగించిన నిఘంటువు తప్పు చెప్పలేదు, కాని యా కాఁపు మాటలో సగము మ్రింగినది. ట్రాక్టరు వచ్చిన పిదప మేడియుఁ గఱ్ఱును గాడియుఁ బెక్కు పొలములలోఁ గనఁబడుట లేదు. వస్తువు పోయిన వెనుక మాట యొక తరము నిలుచును, అంతకంటె నిలువదు. 1962లోఁ గూర్పకుండినచో నా మాటలలోఁ గొన్నిటిని నేఁ డడిగి తెలిసికొనుటకు మనుష్యుఁ డుండఁడు.

నాఁగలి మాటయే యింకొక లోపమునుగూడఁ జూపును. మన నిఘంటువులలో మాట ప్రక్కన “దే.” అని యున్నచో దేశ్యమని యర్థము, “వై.” అని యున్నచో వైకృతము. దేశ్యమను గుర్తు తలుపు మూసినట్టిది: సంస్కృతమునుండి రాలేదని చెప్పునే కాని యెచటినుండి వచ్చినదో చెప్పదు. బరో, ఎమెనో యను నిద్దఱు పండితులు 1961లోఁ బ్రకటించి, 1984లో సంస్కరించి మరలఁ బ్రకటించిన ద్రావిడవ్యుత్పత్తినిఘంటు వా తలుపును దెఱచినది. నాఁగలి సంస్కృత లాంగలశబ్దమునకు వికృతియని సంప్రదాయజ్ఞు లెంతురు. ఆ గ్రంథము తమిళ “నాంజిల్”, కన్నడ “నేగిల్” శబ్దములతో నాఁగలిని గూర్చుండఁబెట్టినది. లాంగలశబ్దము ఋగ్వేదము నాల్గవ మండలముననే కలదు. అయినను నది సంస్కృతమునకే యితరభాషలనుండి వచ్చి యుండునని భాషాశాస్త్రజ్ఞులలోఁ బెక్కండ్ర మతము. పండితులలో దీనినిఁ గూర్చిన యభిప్రాయము మాత్రము చల్లనిది. పదములు రోమను లిపిలో నున్నవి, వరుస తమిళమును బట్టి యున్నది, తెలుఁగుమాటను దుదనున్న పట్టికలో సంఖ్య చూచి వెదకవలయును. ఈ విసుగు న్యాయమైనదే. కాని “దే.” యను నక్షరమును జూచి తృప్తిపడుటకంటె సంఖ్యలు వెదకు శ్రమ తక్కువ నష్టకరము.

విజ్ఞానసర్వస్వముల మాట వేఱు. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు పంతులుగా రారంభించిన యాంధ్రవిజ్ఞానసర్వస్వము మూఁడు సంపుటములు వెలువడిన పిదపఁ బూర్తి గాకయే 1923లో వారు గతించిరి. అట్టి గ్రంథములోని జనసంఖ్యలును, శాస్త్రవిషయములును బాఁతపడును. నిఘంటువులోని ప్రయోగము పాఁతపడదు. కావున విజ్ఞానసర్వస్వమును గూర్చి చదువరి చెప్పు మంచిచెడ్డల ప్రక్కన నాతఁడు చూచిన కూర్పు సంవత్సరముకూడ నుండవలయును.

నిఘంటుకర్తకు వీరందఱిలో నెక్కువ యుపకారి మాట దొరకక గ్రంథమును మూసినవాఁడు. దొరకినవాఁడు మెచ్చి యూరకొనును. దొరకనివాని కడ నొక మాట మిగిలియుండును. అది నేఁడు విసుగుగా మాఱి గాలిలోఁ గలియుచున్నది. బడిపండితులు తమ పాఠశాల నిఘంటువు తుదను గొన్ని తెల్లకాగితములు కుట్టించి, విద్యార్థులు వెదకి కానని మాటల నందు వ్రాయించుట సాధ్యమైన పని. సంధివలనఁ జిక్కని మాటలు పండితుఁడు చూచినంతనే తేలిపోవును. మిగిలినవాని ప్రక్కన నది వినఁబడిన యూరును, పలికినవాని వృత్తియు, పలికిన వాక్యమును నుండవలయును. వాక్యము లేక యర్థము మాత్రమే వ్రాసిన చీటి తరువాతివారి కక్కఱకు రాదు.